ఇండీ పాటలో ఆ ‘నువ్వు’ ఎవరు? లిరిక్స్‌కి మనం చెప్పుకునే అర్థాల గురించి

మనలో చాలామందికి పాట వినడం నేర్పింది సినిమానే. సినిమా పాటకి ఒక సందర్భం ఉంటుంది, డైరెక్టర్ కూర్చుని రైటర్‌కి సిట్యుయేషన్ చెప్తాడు, హీరోయిన్ అలిగింది హీరో బతిమాలుతున్నాడు అనో, కొడుకు ఊరొదిలి వెళ్తుంటే అమ్మ గుమ్మంలో నిలబడింది అనో, దానికి తగ్గట్టు ట్యూన్ వస్తుంది, ట్యూన్‌కి తగ్గట్టు మాటలు పడతాయి. అందుకే సినిమా పాటలో "నువ్వు" అని వినపడితే ఆ నువ్వు ఎవరో మనకి వేరే చెప్పక్కర్లేదు, తెర మీద కనపడుతూనే ఉంటారు. తర్వాత ఆ పాటని బస్సులో విన్నా, పెళ్లి వీడియోకి పెట్టుకున్నా, మనసు బాలేని రాత్రి రిపీట్‌లో వేసుకున్నా, అసలు సందర్భం అంటూ ఒకటి సినిమాలో భద్రంగానే ఉంటుంది.

ఇండీ పాటకి అది ఉండదు. ఇండీ అంటే మొదట్లో పెద్ద మ్యూజిక్ కంపెనీల ప్రమేయం లేకుండా సొంతంగానో, చిన్న లేబుల్‌తోనో చేసుకున్న సంగీతం అని, ఇప్పుడు ఆ మాట ఒక తరహా సౌండ్‌కి, ఒక తరహా రాతకి కూడా పేరైపోయింది. పాట మొదలవుతుంది, ఎవరో "నేను" అంటారు, ఎవరినో "నువ్వు" అంటారు, మధ్యలో ఒక ఊరి పేరు, ఒక సంవత్సరం, వంటింట్లో ఉండే ఏదో వస్తువు వచ్చి పోతాయి, మూడు నిమిషాల్లో పాట అయిపోతుంది. ఎవరు ఎవరితో అంటున్నారు, ఏం జరిగాక అంటున్నారు, ఏదీ చెప్పరు. మనకేమో గొంతు పట్టేస్తుంది, ఎందుకో అర్థం కాదు, వెంటనే ఫోన్ తీసి ఆ పాట మీనింగ్ ఏంటని వెతకడం మొదలుపెడతాం.

అలా వెతికేటప్పుడు మనం మామూలుగా అడిగే ప్రశ్న "సింగర్ జీవితంలో ఏం జరిగితే ఇది రాశాడు" అని. జవాబు దొరికితే అర్థం తెలిసిపోయినట్టే, దొరక్కపోతే "ఎవరికి తోచింది వాళ్లు అనుకోవచ్చులే" అని వదిలేయడమే. నాకు ఈ రెండూ సరిపోవు. పాట ఖాళీగా వదిలేసిన సందర్భాన్ని వినేవాళ్లు తమ వైపు నుంచి నింపుకోవడమే ఇంటర్‌ప్రెటేషన్ అని నా నమ్మకం, కాకపోతే ఆ ఖాళీ ఎలా పడితే అలా ఉండదు, దానికి హద్దులున్నాయి, ఆ హద్దులు పాటలో మాటలే గీస్తాయి, గొంతూ వాయిద్యాలూ కూడా గీస్తాయి. ఇది మాటల్లో చెప్తే తేలదు, పాటల్లోకి దిగాలి.

అమెరికన్ సింగర్ ఎలియట్ స్మిత్ పాడిన "బిట్వీన్ ద బార్స్" తీసుకుందాం. 1997లో కిల్ రాక్ స్టార్స్ అనే చిన్న లేబుల్ మీద వచ్చిన "ఐదర్/ఆర్" ఆల్బమ్‌లోది, అదే ఏడాది "గుడ్ విల్ హంటింగ్" సినిమాలో కూడా వినిపించింది. రెండున్నర నిమిషాలు కూడా ఉండదు, ఒక గిటార్, చెవి దగ్గర గుసగుసలాడుతున్నట్టుండే గొంతు, లాలిపాట లాంటి ఊపు. పాటలో ఒకరు ఇంకొకరితో తాగు, రాత్రంతా మేలుకో అంటున్నారు. ఇంకొక్కసారి తాగావంటే నిన్ను నా సొంతం చేసుకుంటా, మిగతా అందరి నుంచి నిన్ను విడిగా నా దగ్గరే పెట్టుకుంటా అంటున్నారు. మొదటిసారి విన్నప్పుడు ప్రేమ పాట అనే అనిపిస్తుంది, రాత్రి పూట ఇద్దరు కూర్చుని తాగుతున్నారు, ఒకరు ఇంకొకరిని ఓదారుస్తున్నారు, అంతే కదా అనుకుంటాం.

కానీ ఇంకాస్త ముందుకెళ్తే ఒక లైన్ వస్తుంది. నువ్వు ఒకప్పుడు ఎవరెవరిగా ఉన్నావో ఆ మనుషులు నీకిప్పుడు అక్కర్లేదు, వాళ్లు నిన్ను తోస్తున్నారు, నీ మాట వినట్లేదు, వాళ్లని నేను కదలకుండా పట్టుకుంటా అని దాని సారాంశం. ఇక్కడ ఆగి చూడండి. మన లోపలి పాత మనుషుల్ని కదలకుండా పట్టుకుంటానని ఏ ప్రేమికుడు చెప్పగలడు? ఆ పని చేసేది మందు. ఆ "నేను" మనిషి కాదు, గ్లాసులో ఉన్నదే మాట్లాడుతోంది అని ఒక్కసారి అనుకుని పాట మొదటినుంచి వింటే ప్రతి లైనూ తిరగబడిపోతుంది, నిన్ను అందరి నుంచి విడదీసి నా దగ్గర పెట్టుకుంటా అన్న మాట అంతకుముందు లాలనగా వినపడింది, ఇప్పుడు వణుకు పుట్టిస్తుంది. ఇది నేను కనిపెట్టింది కాదు, ఈ పాటని ఇష్టపడేవాళ్లలో చాలామంది ఇలాగే వింటారు. అలాగని ప్రేమ పాట అన్న అర్థం కొట్టుకుపోదు, తాగుడుకి తోడుండే ప్రేమికుడు కూడా ఇవే మాటలు అనగలడు, అనేవాళ్లుంటారు కూడా. పాట ఈ ఇద్దరికీ తలుపు తెరిచి పెట్టింది. ఇంకెవరికీ తెరవలేదు, ఇది దేశభక్తి గీతం అనో తండ్రి కొడుక్కి చెప్పే మంచిమాట అనో ఎవరైనా అంటే ఆ లాలించే గొంతు ఒప్పుకోదు, ఆ మాటలూ ఒప్పుకోవు. హద్దులంటే నేను చెప్పేది ఇదే.

"ఎవరు ఎవరితో అంటున్నారు" అని అడగడం మనకేమీ కొత్త కాదు, మన దగ్గర చాలా పాత అలవాటు. శాతవాహన రాజు హాలుడు కూర్చాడని చెప్పే గాథాసప్తశతి తీసుకోండి, ప్రాకృతంలో చిన్న చిన్న పద్యాలు, ఒక్కోటీ విడిగా నిలబడేదే, ముందూ వెనకా కథ ఉండదు. శ్రీనాథుడు నూనూగు మీసాల వయసులో దీన్ని తెలుగు చేశానని కాశీఖండంలో చెప్పుకున్నాడు, ఆ పుస్తకం మన దాకా రాలేదు. అందులో ఒక పద్యంలో ఒకామె ఒక భక్తుడితో అంటుంది, అయ్యా ఇక నిర్భయంగా తిరగండి, మిమ్మల్ని బెదిరించే ఆ కుక్కని గోదావరి ఒడ్డున పొదల్లో ఉండే సింహం చంపేసింది అని. పైకి చూస్తే హాయిగా తిరగమని చెప్తోంది. కానీ కుక్కకే భయపడే మనిషి సింహం ఉందని తెలిశాక అటు వెళ్తాడా? ఆమె చెప్పేది అటు రావద్దనే. ఎందుకు రావద్దంటోంది అంటే ఆ పొదల దగ్గర ఆమె ఎవరినో కలుసుకుంటోంది, ఈయన పూలు కోయడానికి వచ్చి అడ్డం అవుతున్నాడు అని వ్యాఖ్యాతలు పూరించారు. ఈ కలుసుకోవడం సంగతి పద్యంలో ఒక్క ముక్క కూడా లేదు! తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం రాసినప్పుడు, చెప్పిన మాట ఒకటి స్ఫురించే అర్థం ఇంకొకటి అని చూపించడానికి ఈ పద్యాన్నే ముందు పెట్టుకున్నాడు. ఇలా స్ఫురించే అర్థాన్నే ధ్వని అన్నాడు. తర్వాత మహిమభట్టు వచ్చి ఇదంతా ధ్వని కాదు, మాటల నుంచి మనం చేసే ఊహే అని వాదించాడు. అంటే మన వాళ్లు కొన్ని వందల ఏళ్లు కొట్లాడుకున్నది సరిగ్గా ఈ విషయం మీదే, అర్థం మాటల్లో ఉందా, వినేవాడి బుర్రలో ఉందా అని.

నాకు ఇందులో బాగా నచ్చేది ఆ వ్యాఖ్యాతల క్రమశిక్షణ. వాళ్లు సందర్భాన్ని ఊహించారు, నిజమే, కానీ ప్రతి ఊహా పద్యంలో ఒక మాటకి కట్టేసి ఉంటుంది. సింహం ఎందుకు, పొద ఎందుకు, "నిర్భయంగా" అని ఎందుకు అంది, వీటికి జవాబు చెప్పలేని సందర్భాన్ని ఒప్పుకోరు. ఆ పద్యం రాసిన మనిషి ఎవరో, నిజంగా ఎవరినైనా పొదల్లో కలుసుకున్నారో లేదో, ఆ గొడవే వాళ్లకి లేదు.

మనకేమో ఇప్పుడు ఆ గొడవే ముందు. ఎలియట్ స్మిత్ 2003 అక్టోబర్ 21న లాస్ ఏంజెలెస్‌లో చనిపోయాడు, ఛాతీలో కత్తిపోట్లు, ఆత్మహత్యా కాదా అన్నది శవపరీక్ష చేసిన అధికారి (కరోనర్) రిపోర్ట్ తేల్చి చెప్పలేదు. అప్పట్నుంచి అతని ప్రతి పాటనీ చావు ఉత్తరంలా చదవడం అలవాటైపోయింది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. 1997లో ఆ పాట విన్నవాళ్లకి 2003 తెలీదు కదా, వాళ్లకి అందులో ఒక తీపి ఉంది, ఒక భయం ఉంది, రెండూ సమానంగా ఉన్నాయి. ఇప్పుడు మనం ముందే ఏడుపు మొహం పెట్టుకుని వింటాం, ఆ తీపి సగం వినపడదు. అతని పాటల్లో బీటిల్స్ మీద ప్రేమ ఉంది, తన గొంతునే రెండుసార్లు రికార్డ్ చేసి ఒకదాని మీద ఒకటి పెట్టి ఆడుకునే సరదా ఉంది, పనిమంతుడి నైపుణ్యం ఉంది. చనిపోయిన తీరు ఒక్కటే మనసులో పెట్టుకుంటే ఇవన్నీ పక్కకి పోతాయి.

అమెరికాలో విమ్‌సాట్, బియర్డ్‌స్లీ అనే ఇద్దరు 1946లో ఒక వ్యాసం రాశారు, రచయిత మనసులో ఏముందన్నది కవిత అర్థానికి కొలబద్ద కాలేదని. 1967లో ఫ్రాన్స్ నుంచి రోలాఁ బార్త్ ఇంకా గట్టిగా అన్నాడు, పాఠకుడు పుట్టాలంటే రచయిత పోవాల్సిందే అని. చదవడానికి ఉత్సాహంగా ఉంటుంది కానీ పాట విషయంలో నాకు అంత తెగించి చెప్పాలనిపించదు, ఎందుకంటే పాటలో ఆ మనిషి గొంతు ఉంటుంది, ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతుంది, కాగితం మీద కవితలో పక్కన పెట్టినంత తేలిగ్గా అతన్ని పక్కన పెట్టలేం.

ఇంకో చిక్కు కూడా ఉంది. కొన్నిసార్లు రాసినవాడికే ముందు అర్థం ఉండదు, సౌండ్ ఉంటుంది. బాన్ ఇవేర్ పేరుతో పాడే జస్టిన్ వెర్నన్ దీనికి మంచి ఉదాహరణ. అతను 2006 చివర్లో, ఒంట్లో బాలేక, పాత బ్యాండ్ విడిపోయి, విస్కాన్సిన్‌లో వాళ్ల నాన్న వేటకి వెళ్లే కాబిన్‌కి పోయి చలికాలమంతా అక్కడే ఉండి "ఫర్ ఎమ్మా, ఫరెవర్ ఎగో" రికార్డ్ చేశాడు, 2007లో సొంతంగా కొన్ని కాపీలు వేసుకున్నాడు, 2008లో జగ్‌జాగువార్ లేబుల్ బయటికి తెచ్చింది. ఈ కాబిన్ కథ అందరికీ తెలుసు. దానికన్నా నాకు ముఖ్యంగా అనిపించేది అతను మాటలు రాసిన పద్ధతి. ముందు మాటల్లేకుండా ఊరికే శబ్దాలతో పాడి రికార్డ్ చేసుకునేవాడు, తర్వాత దాన్నే మళ్లీ మళ్లీ వింటూ ఆ శబ్దాలు ఏ మాటల్లా వినిపిస్తున్నాయో అవి రాసుకునేవాడు. మన సినిమా ఇండస్ట్రీలో ట్యూన్‌కి డమ్మీ లిరిక్స్ వేసుకుని తర్వాత అసలు సాహిత్యం రాయించడం మామూలే, కాబట్టి ఇది మనకి వింతేమీ కాదు, కాకపోతే మన రైటర్ చేతిలో సిట్యుయేషన్ ఉంటుంది, ఇక్కడ అది కూడా లేదు. ట్యూన్‌లో ఉన్న అచ్చులూ హల్లులే మాటల్ని లాక్కొచ్చాయి.

అందుకే అతని లిరిక్స్ కాగితం మీద చదివితే వాక్యం పూర్తవ్వదు, కర్త ఒకచోట క్రియ ఇంకోచోట ఉంటాయి. అవి చదివి "ఇది ఏదో రహస్య కోడ్, విప్పాలి" అనుకుంటే దారి తప్పినట్టే. కోడ్ అంటే మొదట మామూలు వాక్యం ఒకటి ఉండి దాన్ని దాచిపెట్టాలి, ఇక్కడ ఆ మామూలు వాక్యం ఎప్పుడూ లేదు. టైటిల్లో ఉన్న ఎమ్మా కూడా మాజీ ప్రేయసి అని అందరూ వెతికారు, ఎమ్మా ఒక మనిషి కాదు, మనం ఇరుక్కుపోయే ఒక చోటు లాంటిది, ఒక నొప్పి లాంటిది అన్నట్టు అతనే చెప్పాడు. 2011లో వచ్చిన "హోలోసీన్" పాట పేరు కూడా అంతే, పోర్ట్‌లాండ్‌లో ఆ పేరుతో ఒక బార్ ఉంది, భూమి చరిత్రలో 11,700 ఏళ్ల కింద మొదలై ఇప్పటికీ నడుస్తున్న యుగం పేరు కూడా అదే, రెండూ అందులో ఉన్నాయని అతనే అన్నాడు. ఒక రాత్రి బార్‌లో కూర్చున్న మనిషి, పదకొండు వేల ఏళ్ల యుగం, ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టాక నేను అంత గొప్పవాణ్ణేం కాదు అనే భావం ఉన్న ఆ లైన్ వస్తుంది. మొదట విన్నప్పుడు ఓడిపోయినవాడి మాటలా ఉంటుంది కానీ ఆ గిటార్లు మెల్లగా ఒకదాని మీద ఒకటి చేరుతూ విచ్చుకునే తీరు వింటే దాంట్లో దిగులు కన్నా తేలికదనమే ఎక్కువుంది, నేను చిన్నవాణ్ణి అని తెలియడం వల్ల భుజాల మీద బరువు దిగినట్టు. మాటలు ఒక వైపు లాగితే మ్యూజిక్ ఇంకో వైపు లాగుతుంది, అర్థం ఆ రెండిటి మధ్య ఉంది. లిరిక్స్ ఒక్కటే కాపీ చేసుకుని చదివి మీనింగ్ చెప్పేవాళ్లకి ఇది ఎప్పటికీ దొరకదు.

ఇంగ్లీష్ పాటలు వినే మనకి ఇంకో అవస్థ ఉంది, యాస వల్ల సగం మాటలు తప్పుగా వినపడతాయి. నా ఫ్రెండ్స్‌లో కొందరు దీనికి సిగ్గుపడతారు. అక్కర్లేదు, ఇలాంటి పాటల్లో ఇంగ్లీష్ మాతృభాషైనవాళ్లకే లైన్లు తెలీవు. కానీ ఒక లైన్ మీద మన అర్థం మొత్తం నిలబెట్టే ముందు ఆ లైన్ నిజంగా అదేనా అని ఆల్బమ్‌తో వచ్చిన లిరిక్స్ చూసుకోవడం మాత్రం మంచిది.

ఇప్పుడు కష్టమైన ఆల్బమ్‌కి వద్దాం. న్యూట్రల్ మిల్క్ హోటల్ అనే బ్యాండ్ 1998 ఫిబ్రవరిలో మెర్జ్ రికార్డ్స్ మీద తెచ్చిన "ఇన్ ది ఏరోప్లేన్ ఓవర్ ద సీ". రాసింది, పాడింది జెఫ్ మాంగమ్, లూసియానాలో రస్టన్ అనే చిన్న ఊరి వాడు. 1997లో డెన్వర్‌లో స్నేహితుడు రాబర్ట్ ష్నైడర్ స్టూడియోలో రికార్డ్ చేశారు, గిటార్ పక్కన ట్రంపెట్లు, అకార్డియన్, రంపాన్ని వయొలిన్ కమానుతో రాసి వాయించే సింగింగ్ సా. వచ్చినప్పుడు పిచ్‌ఫోర్క్ అనే మ్యూజిక్ రివ్యూల వెబ్‌సైట్ 10కి 8.7 ఇచ్చింది, 2005లో మళ్లీ విడుదలైనప్పుడు అదే పిచ్‌ఫోర్క్ 10కి 10 ఇచ్చింది. మధ్యలో పాటల్లో ఒక్క అక్షరం మారలేదు, వినేవాళ్లు ఏడేళ్లపాటు ఆ పాటల్లో ఏమేం ఉన్నాయో వెతుక్కున్నారు, ఒకరికొకరు చెప్పుకున్నారు.

మాంగమ్ ఆన్ ఫ్రాంక్ డైరీ చదివి రోజుల తరబడి ఏడ్చానని, టైమ్ మెషీన్‌లో వెళ్లి ఆ అమ్మాయిని కాపాడినట్టు కలలు వచ్చేవని ఇంటర్వ్యూల్లో చెప్పాడు. ఆ అమ్మాయి 1929లో పుట్టింది, యూదు పిల్ల కాబట్టి ఆమ్‌స్టర్‌డామ్‌లో నాజీలకి దొరక్కుండా రెండేళ్లకి పైగా దాక్కుంది, చివరికి దొరికిపోయి 1945 మొదట్లో వాళ్ల బెర్గెన్-బెల్సెన్ క్యాంప్‌లో అక్క మార్గో తర్వాత కొద్ది రోజులకే చనిపోయింది, ఏప్రిల్ 15న బ్రిటిష్ సైన్యం ఆ క్యాంప్‌ని విడిపించింది. "హాలండ్, 1945" పాటలో ఒక అమ్మాయిని ఒక సాయంత్రం, పక్కన అక్కతో పాటు పూడ్చేశారని వస్తుంది. ఇంత స్పష్టంగా ఉన్నాక ఇంకేం కావాలి, ఆల్బమ్ మొత్తం ఆన్ ఫ్రాంక్ గురించే అని చాలామంది తేల్చేశారు.

ఇక్కడే నేను ఒప్పుకోను. అదే పాటలో తర్వాతి లైన్‌కే ఆ అమ్మాయి ఇప్పుడు స్పెయిన్‌లో ఒక చిన్న పిల్లాడు, మంటలు నిండిన పియానోలు వాయిస్తున్నాడు. "ఓ కమ్లీ" అనే ఎనిమిది నిమిషాల పాటలో ఆమెని అక్కతో, అమ్మతో, ఇంకా ఐదొందల కుటుంబాలతో కలిపి పూడ్చారని ఉంటుంది. చరిత్రలో వాళ్లమ్మ ఎడిత్ అక్కడ చనిపోలేదు, అంతకుముందే 1945 జనవరిలో ఆష్‌విట్జ్ అనే ఇంకో క్యాంప్‌లో చనిపోయింది. మాంగమ్ చరిత్ర రాయట్లేదు. తను పుట్టక ముందే చనిపోయిన ఒక పిల్ల మీద ప్రేమ పుట్టింది, ఆ ప్రేమకి వెళ్లే దారి లేదు, అందుకని ఆమెని కలలో అమ్మ దగ్గర పడుకోబెడతాడు, ఇంకో దేశంలో ఇంకో పిల్లాడిగా పుట్టిస్తాడు. పునర్జన్మ మాట వింటూ పెరిగినవాళ్లం కాబట్టి ఆ స్పెయిన్ పిల్లాడు నన్ను అంత ఆశ్చర్యపెట్టలేదు. పోయినవాళ్లు మళ్లీ మనింట్లోనే పుట్టారని మురిసిపోయే ముసలమ్మలని ఎంతమందిని చూశాం! ఆ పియానోలో మంటలు ఎందుకున్నాయో మాత్రం ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. పోయిన జన్మలో కాలినది ఏదో ఇంకా లోపల ఆరలేదు అని నేను అనుకుంటాను.

మొదటి పాటకి వస్తే ఆన్ ఫ్రాంక్ ఊసే లేదు. "కింగ్ ఆఫ్ క్యారట్ ఫ్లవర్స్" మొదటి భాగంలో ఒక ఇల్లు ఉంటుంది, అమ్మ నాన్న భుజంలో ఫోర్క్ గుచ్చుతుంది, నాన్న చెత్తంతా నేల మీద విసిరికొడతాడు, ఆ పక్కనే ఇద్దరు చిన్నవాళ్లు ఒకరి ఒంటిని ఒకరు తెలుసుకుంటూ పడుకుని తమ సొంత లోకం కట్టుకుంటున్నారు. పాడే తీరు ఎంత ఉల్లాసంగా ఉంటుందంటే ఫోర్క్ దగ్గరికి వచ్చేదాకా ఇది గొడవల ఇల్లని తట్టదు. అక్కడి "నువ్వు" చిన్ననాటి ప్రేమా, ఊహలో కల్పించుకున్న స్నేహితుడా, తన చిన్నతనమే తనకి నువ్వుగా కనిపిస్తోందా అని నేను చాలా రకాలుగా విన్నాను, ఏదో ఒకటే అని బల్ల గుద్ది చెప్పలేను. కానీ ఈ ఇంటిని కూడా ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆ పిల్ల దాక్కున్న ఇల్లుగా మార్చేసే వ్యాఖ్యానాలు చూశాను, అలా చేస్తే ఆ ఫోర్క్‌కి విలువ లేకుండా పోతుంది. అమ్మానాన్నలు కొట్టుకుంటుంటే పక్క గదిలో పడుకుని పైకప్పు చూస్తూ గడిపిన పిల్లలు మన ఊళ్లలో కూడా ఎంతమందో ఉన్నారు, వాళ్లకి ఆ పాట వాళ్ల ఇల్లే, ఆ హక్కు వాళ్లకి ఫోర్క్ అన్న ఆ ఒక్క మాటే ఇచ్చింది.

రెండో భాగంలో ఏసుక్రీస్తుని ప్రేమిస్తున్నానని గొంతు చించుకుని పాడతాడు. అమెరికా ఇండీ శ్రోతలకి ఇది మింగుడుపడలేదు, వెటకారం అనుకున్నారు. మాంగమ్ ఆల్బమ్‌తో వచ్చిన నోట్‌లోనే రాశాడు, పాడింది మనస్ఫూర్తిగానే పాడాను, అయితే ఈ ఆల్బమ్‌లో ఉన్న అనంతం అనే ఊహ ఏ మతానికీ చెందింది కాదు, అన్నిటిలోనూ ఒక తెల్లటి వెలుగు ఉందన్న నమ్మకం అది అని. ఇలాంటిచోట రాసినవాడి మాట వినాలి అంటాను నేను. పాటలో "నువ్వు" ఎవరో అతను చెప్పక్కర్లేదు, మనం చూసుకుంటాం, కానీ నిజంగా అంటున్నాడా వెటకారంగా అంటున్నాడా అన్న అనుమానం వచ్చినప్పుడు అతని మాటని తోసేసి మనకి నచ్చిందే పట్టుకోవడం అన్యాయం.

ఆ ఆల్బమ్ చివర్లో పాట అయిపోయాక మాంగమ్ గిటార్ కింద పెట్టి లేచి నడిచి వెళ్లిపోతున్న చప్పుడు ఉంటుంది. రికార్డ్ చేసినప్పుడు అది మామూలు చప్పుడే. కానీ 1998 తర్వాత అతను దాదాపుగా కనపడకుండా పోయాడు, కొత్త ఆల్బమ్ లేదు, ఇంటర్వ్యూలు ఇంచుమించు లేవు, 2013లో గానీ బ్యాండ్ మళ్లీ స్టేజ్ ఎక్కలేదు. దాంతో ఆ అడుగుల చప్పుడు వీడ్కోలుగా మారిపోయింది. రాసినవాడు అనుకోని అర్థం, విన్నవాళ్లు బలవంతంగా అతికించింది కూడా కాదు, కాలం తెచ్చి పెట్టింది. ఎలియట్ స్మిత్ విషయంలో ఇలాంటి వెనకటి చూపుని తప్పుబట్టి ఇక్కడ ఎందుకు ఒప్పుకుంటున్నానంటే, అక్కడ తర్వాత జరిగింది పాటలో ఉన్న వేరే అర్థాలని తుడిచేస్తోంది, ఇక్కడ ఏదీ పోలేదు, ఇంకొకటి వచ్చి చేరింది. ఒక వ్యాఖ్యానం మంచిదా కాదా అని చూడటానికి నాకు ఇదే పనికొస్తుంది. అది తెలిశాక పాటలో ఎక్కువ లైన్లు వెలుగుతున్నాయా, లేక ఒక్క లైన్ వెలిగి మిగతావి ఆరిపోతున్నాయా?

మన సొంత జీవితం తెచ్చి పాటలో పెట్టుకోవడం గురించి కూడా ఇదే చెప్తాను. వేరే దేశంలో చదువుకుంటున్న మనవాళ్లు, హాస్టల్ రూముల్లో, నైట్ షిఫ్ట్ క్యాబుల్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినేవాళ్లు, పాటలో మంచు అంటే తమ ఒంటరితనం అనుకుంటారు, ఇల్లు అంటే గుంటూరో వరంగల్లో అనుకుంటారు. విస్కాన్సిన్ కుర్రాడికి గుంటూరు తెలీదు. అయినా అది తప్పు కాదు, "ఈ పాట నాకు ఇది" అనడం ఎప్పుడూ నిజమే, దాన్ని ఎవరూ కాదనలేరు. "ఈ పాట ఇదే" అన్నప్పుడే లెక్క చూపించాల్సి వస్తుంది, ఏ మాట చూసి అంటున్నావు, ఏ స్వరం విని అంటున్నావు అని. చాలా వాదనలు ఈ రెండు వాక్యాలని కలిపేయడం వల్లే వస్తాయి. ఇప్పుడు హైదరాబాద్‌లో, విజయవాడలో కుర్రాళ్లు సొంతంగా తెలుగులో పాటలు రాసుకుని స్పాటిఫైలో, యూట్యూబ్‌లో పెడుతున్నారు, సినిమా లేదు, సిట్యుయేషన్ లేదు, వాటి కింద "ఏ మూవీ సాంగ్ బ్రో ఇది" అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ పాటలకి ఏ మూవీ లేదు కాబట్టే ఇలా వినడం మనం నేర్చుకోవాలి.

రాసినవాడి జీవితం తెలుసుకోవడం మేలు చేసిన పాట కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే నేను ఒక పక్కే మాట్లాడినట్టవుతుంది. అమెరికన్ సింగర్ సుఫ్యాన్ స్టీవెన్స్ 2015లో తెచ్చిన "క్యారీ అండ్ లోవెల్" ఆల్బమ్‌లో "ఫోర్త్ ఆఫ్ జులై". క్యారీ వాళ్లమ్మ. డిప్రెషన్, స్కిజోఫ్రీనియా, మత్తు అలవాట్లు, ఇతనికి ఏడాది వయసప్పుడే ఇల్లు వదిలి వెళ్లిపోయింది. తర్వాత లోవెల్ అనే ఆయన్ని పెళ్లి చేసుకుంది, ఆ కొద్ది కాలంలో పిల్లలు ఓరెగన్‌లో వాళ్ల దగ్గర కొన్ని వేసవి సెలవులు గడిపారు, అమ్మతో అతనికి ఉన్న జ్ఞాపకాలు ఎక్కువగా అవే. 2012 డిసెంబర్‌లో ఆమె కడుపు క్యాన్సర్‌తో చనిపోయింది, చివర్లో అతను ఆస్పత్రికి వెళ్లి కూర్చున్నాడు.

ఇదేం తెలియకుండా వింటే ఆ పాట ఇద్దరు ప్రేమికుల మాటలా ఉంటుంది, అంత ముద్దుగా పిలుచుకుంటారు, మిణుగురూ, చిన్ని పావురమా, నా చుక్కా, తూనీగా అని. అమ్మ సంగతి తెలిశాక ఆ పిలుపులు చోటు మారతాయి. నీకు సరిపడా ప్రేమ దొరికిందా నా చిన్ని పావురమా, ఎందుకేడుస్తున్నావు, నేను వెళ్లిపోయినందుకు క్షమించు అన్నది అమ్మే తప్ప ఇంకెవరూ కాదు. నిన్ను బట్టలో చుట్టడం అంటే ఎంత విచిత్రంగా ఉందో, నీకు ఇబ్బందిగా లేదు కదా తూనీగా అని అడిగేది కొడుకు, శవం పక్కన నిలబడి. మన ఇళ్లలో కూడా అమ్మ పోయాక తెల్లబట్ట కప్పేటప్పుడు ఎవరో ఒకరు అమ్మకి చలేస్తుందేమో అంటారు, అదే మాట ఇది. ఏడాదికే వదిలి వెళ్లిన అమ్మ జీవితంలో ఎప్పుడూ పిలవని ముద్దు పేర్లన్నీ ఆ నాలుగున్నర నిమిషాల్లో పిలిచేసుకుంటున్నారు ఇద్దరూ. ఇది లిరిక్స్ ఎన్నిసార్లు చదివినా తెలియదు, ఆ వదిలి వెళ్లడం గురించి తెలిస్తేనే తెలుస్తుంది. టిలముక్ మంటల నుంచి నువ్వేం నేర్చుకున్నావు అన్న ప్రశ్న కూడా అంతే, 1933 నుంచి 1951 దాకా ఓరెగన్‌లో ఒకే అడవి మళ్లీ మళ్లీ తగలబడింది, తర్వాత జనం పూనుకుని మొక్కలు నాటి దాన్ని మళ్లీ పెంచారు. ఆ సంగతి తెలియకపోతే అది ఒక అందమైన పేరు మాత్రమే.

ఇంత తెలిశాక కూడా పాట మూసుకుపోలేదు. చివర్లో మనమందరం పోయేవాళ్లమే అన్న ఒక్క లైన్‌ని పదే పదే పాడతాడు. కొందరికి అది భయపెట్టే మాట, కొందరికి ఓదార్పు, నీ బతుకుని బాగా వాడుకో అని అంతకుముందు అమ్మ చెప్పిన మాటకి కొనసాగింపు. 2022లో అతను ఈ పాటకి అంతకుముందెప్పుడో రికార్డ్ చేసిన ఇంకో రెండు వెర్షన్లు విడుదల చేశాడు, ఒకటి జస్టిన్ వెర్నన్ స్టూడియోలో చేసింది, అవి వింటే అదే లైన్ బరువు మళ్లీ మారుతుంది. నేను మాత్రం ఆ లైన్‌ని ఇద్దరూ కలిసి అంటున్నట్టు వింటాను, ఎందుకంటే పాటంతా ఏదో ఒక ముద్దు పేరు వస్తూనే ఉంటుంది, అక్కడికి వచ్చేసరికి పేర్లు ఆగిపోతాయి, "నువ్వు" కూడా ఉండదు, "మనం" ఒక్కటే మిగులుతుంది.